సాయం సాయమే, బాకీ బాకీయే



షోలాపూరు తూర్పు భాగంలోని మన తెలుగు పేటల్లో సమాజ సంస్థలకు కొదవ లేదు. మార్కండేయ మందిరం, బడులు, కాలేజీ, సహకార ఆస్పత్రి, పత్ సంస్థలు మనవాళ్ళ కష్టార్జితంతో, చందాలతో నిలబడినవే. ఇప్పుడు సమాజ ట్రస్టులు మరికొన్ని పనులకు పూనుకుంటున్నాయి. కష్టంలో ఉన్న కుటుంబానికి ఫీజు సాయం, ముసలివాళ్ళకు నెల సరుకులు, చిన్న వ్యాపారానికి పెట్టుబడి ఇస్తామంటున్నాయి. దీనిమీద యూనియన్ మాట ఏమిటని సభ్యులు అడుగుతున్నారు. "అవి సేట్ల సంస్థలు, ఆ గడప తొక్కొద్దు" అని కొందరంటున్నారు. "యూనియన్ చేయలేనిది ట్రస్టు చేస్తోంది" అని మరికొందరంటున్నారు. రెండు మాటలూ సరికావని మా అభిప్రాయం.

కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి మన తాతలు కూలి వెతుక్కుంటూ ఈ ఊరు చేరారు. 1877లో మొదలైన పాత మిల్లు తర్వాత ఒక్కొక్క మిల్లే లేచింది. కొత్తగా వచ్చినవాడికి రొట్టె పెట్టినవాడు, చాళ్‌లో పడుకునే చోటు చూపినవాడు, జాబరుతో చెప్పి బద్లీ పని ఇప్పించినవాడు తన ఊరివాడే. చావుకైనా, కాన్పుకైనా చందా వేసుకున్నారు. ఈఎస్ఐ చట్టం 1948లో, పీఎఫ్ చట్టం 1952లో వచ్చాయి. అంతకుముందు మనకు మనమే ఈఎస్ఐ, మనకు మనమే పీఎఫ్. ఒకరినొకరు ఆదుకోవడం మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. కనుక ట్రస్టు ఇచ్చే సాయం తీసుకోవడానికి సిగ్గుపడవద్దు. అందులో మన తాతల పైసా కూడా ఉంది.

అయితే ఆ సాయం ఎక్కడ పనికొస్తుందో చూడాలి.

ముందు కుటుంబాల సంగతి. మూతపడిన మిల్లుల కార్మికుల కోసం 1986లో కేంద్రం పునరావాస నిధి పెట్టింది. మొదటి ఏడు జీతంలో 75 శాతం, రెండో ఏడు 50, మూడో ఏడు 25 శాతం ఇచ్చేవారు. నాలుగో ఏడు ఏమీ లేదు. కొడుకు కాలేజీకి వచ్చేది, కూతురి పెళ్ళి కుదిరేది ఆ నాలుగో ఏటే కావచ్చు. సర్కారు చెయ్యి విడిచిన ఇటువంటి చోట సమాజ నిధి నిలబడాలి. ఒక ఏడాది ఫీజు కట్టలేక సాంచా మీదికి వచ్చిన పిల్లవాడు మళ్ళీ బడికి పోవడం అరుదు. ఆ ఒక్క ఏడాది దాటిస్తే చాలు.

పెద్దవాళ్ళ సంగతి మరీ ముఖ్యం. 2014 సెప్టెంబరులో పీఎఫ్ పెన్షన్ కనీసం 1,000 రూపాయలు చేశారు. ఆ తర్వాత పదేళ్ళపాటు ఒక్క రూపాయి పెరగలేదు. మన రాష్ట్రంలో నిరుపేద వృద్ధులకిచ్చే శ్రావణ్‌బాళ్ సాయాన్ని 2023లో 1,500 చేశారు. ఈ కొంచెం కూడా అందనివాళ్ళు మన చాళ్లలో ఎందరో ఉన్నారు. కారణం చాలాసార్లు పేరులోని తేడాయే. మిల్లు రిజిస్టరులో మరాఠీ పద్ధతిలో పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు రాశారు. ఆధార్‌లో ఇంటిపేరు ముందుకొచ్చింది. ఒకచోట ఎల్లయ్య, ఇంకోచోట యల్లప్ప. అంతమాత్రానికే ఫారం వెనక్కి వస్తుంది. వేలిముద్రలు అరిగిపోయిన నేతగాడి వేలిని మిషన్ గుర్తుపట్టదు.

ఇక్కడ ట్రస్టు చేయగల పని ఎంతో ఉంది. చదువుకున్న ఇద్దరు పిల్లలను వారానికి రెండు రోజులు మందిరం ఆవరణలో కూర్చోబెట్టాలి. పీఎఫ్ రికార్డు సరిచేసే జాయింట్ డిక్లరేషన్ వాళ్ళు నింపాలి. ఏడాదికొకసారి ఇవ్వవలసిన బతికున్నట్టు సర్టిఫికెట్టు ఇప్పుడు ఫోనులో ముఖం చూపించి కూడా ఇవ్వవచ్చు. నడవలేని పెద్దల ఇంటికి వెళ్ళి ఆ పని చేసి రావాలి. సరుకుల సంచి పదిహేను రోజుల్లో ఖాళీ అవుతుంది. ఆగిపోయిన పెన్షన్ మళ్ళీ కదిలితే ఆయన బతికినన్నాళ్ళూ వస్తుంది, ఆయన తర్వాత ఆమెకు వస్తుంది.

ఇంకొక మాట. సంచి ఇచ్చేటప్పుడు పెద్దవాళ్ళను వరుసలో నిలబెట్టి ఫోటోలు తీయడం మానుకోవాలి. నలభై ఏళ్ళు మూడు షిఫ్టుల్లో బట్ట నేసినవాడు చెయ్యి చాపిన బొమ్మ పేపరులో చూసుకుని మనవళ్ళ ముందు తల ఎత్తలేడు.

ఇక చిన్న వ్యాపారాలు. మిల్లు పోయినవాడు బజ్జీల బండి పెట్టాడు. అక్కచెల్లెళ్ళు బీడీలు చుడుతూనే కుట్టుమిషన్ పట్టారు. వీధి వ్యాపారులకు కేంద్రం 2020లో 10,000 రూపాయల అప్పు పథకం తెచ్చింది. బ్యాంకు దాకా పోలేనివాడు మాత్రం వడ్డీ వ్యాపారి దగ్గరికే పోతున్నాడు, లేదా సేటు దగ్గర అడ్వాన్సు తీసుకుని అది తీరేదాకా ఆ షెడ్డు వదలలేక ఉంటున్నాడు. ట్రస్టు 5 లక్షలు పంచిపెడితే 10,000 చొప్పున 50 ఇళ్ళకు ఒకసారి అందుతుంది. అదే సొమ్మును వడ్డీ లేకుండా అప్పుగా ఇచ్చి, నెలకు వెయ్యి చొప్పున పది నెలల్లో తిరిగి తీసుకుంటే, తర్వాత మరో 50 ఇళ్ళకు అందుతుంది. నిధి తరగదు, తీసుకున్నవాడి పరువు పోదు.

నాలుగు సాంచెలు పెట్టుకుని ఇంటిల్లిపాదీ పనిచేసే చిన్న కార్ఖానాదారు కూడా మనవాడే. అతడు నూలు అరువుకు తెస్తాడు, బట్ట అరువుకు ఇస్తాడు. చిన్న పరిశ్రమకు 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని 2006 చట్టం చెబుతోంది. ఆ బాకీలు వసూలు చేసిపెట్టే వకీలు సాయం ట్రస్టు ఇస్తే అతడి దగ్గరున్న కూలీకి కూడా వారం వారం డబ్బు ముడుతుంది. షోలాపూరు చద్దరుకు, టెర్రీ టవలుకు దక్కిన భౌగోళిక గుర్తింపు నిజంగా అన్నం పెట్టాలంటే నకిలీ సరుకు మీద కూడా ఉమ్మడిగా కదలాలి.

ఇంతవరకు సాయం మాట. ఇక బాకీ మాట.

ట్రస్టు వేదిక మీద శాలువాలు కప్పించుకునే పెద్దమనుషుల్లో కొందరి షెడ్లలో పీఎఫ్ లేదు. 20 మంది ఉంటే పీఎఫ్ కట్టాలి కనుక ఒకే కప్పు కింద రెండు పేర్లు, రెండు రిజిస్టర్లు. లెక్క చూడండి. నెలకు 12,000 సంపాదించే కార్మికుడికి యజమాని వాటా 12 శాతం, అంటే 1,440. ఏడాదికి 17,280. ఇరవై ఏళ్ళ సర్వీసుకు గ్రాట్యుటీ 1,38,461 రూపాయలు. ఇవి ఎగ్గొట్టి దీపావళికి వెయ్యి రూపాయల సరుకుల సంచి ఇస్తే దాన్ని దానం అనగలమా? అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంటుంది. సంచి తీసుకున్నాడు కాబట్టి కార్మికుడు పీఎఫ్ అడగకూడదని ఎవరైనా అంటే యూనియన్ ఒప్పుకోదు.

సాయం హుందాగా ఎలా ఉంటుందో ఈ ఊరే చూపించింది. కుంభారి దగ్గర గోదూతాయి పరుళేకర్ పేరిట బీడీ కార్మిక మహిళల సహకార సంఘం 10,000 ఇళ్ళు కట్టించింది. అవి 2006లో చేతికొచ్చాయి. ఇంటికి 60,000 అయితే కేంద్రం 20,000, రాష్ట్రం 20,000, మిగిలిన 20,000 ఆ మహిళదే. తర్వాత రే నగర్‌లో 30,000 ఇళ్ళ పథకం వచ్చింది. అందులో మొదటి 15,000 ఇళ్ళు 2024 జనవరిలో అప్పగించారు. ఏళ్ళ తరబడి ఊరేగింపులు, ధర్నాలు చేసి, తన వాటా తాను కట్టి తాళంచెవి అందుకున్న ఆమె ఎవరికీ దణ్ణం పెట్టనక్కరలేదు.

అందుచేత సమాజ ట్రస్టుల పెద్దలను మేము గౌరవంగా నాలుగు విషయాలు కోరుతున్నాము.

ఒకటి: మన రాష్ట్రపు 1950 పబ్లిక్ ట్రస్టుల చట్టం ప్రకారం ఏటా లెక్కలు ఆడిట్ కావాలి. ఆ లెక్కను తెలుగులో, మరాఠీలో మందిరం గోడకు అంటించండి. చారిటీ కమిషనర్ అనుమతి లేకుండా ట్రస్టు స్థలం అమ్మకూడదని జనానికి కూడా తెలియాలి.

రెండు: సాయం ఎవరికివ్వాలో తేల్చే కమిటీలో ఇద్దరు కార్మికులు, ఒక బీడీ కార్మిక మహిళ ఉండాలి.

మూడు: పద్మశాలి, కురుహినశెట్టి, తొగట, దళిత, ముస్లిం అని చూడకుండా అవసరం చూసి ఇవ్వండి. ఒకే సాంచా మీద రెండు షిఫ్టులు నడిపినవాళ్ళకు ఆకలి కూడా ఒకటే.

నాలుగు: పీఎఫ్, ఈఎస్ఐ కట్టని యజమానిని ట్రస్టు పదవిలో కూర్చోబెట్టవద్దు.

సభ్యులకు కూడా ఒక మాట. ట్రస్టు సభలకు వెళ్ళండి. పత్ సంస్థలో వాటా ఉన్నవాళ్ళు సెప్టెంబరులోగా జరిగే సర్వసభ్య సభకు వెళ్ళి లెక్క అడగండి. మీ ఇంట్లో, మీ చాళ్‌లో పెన్షన్ ఆగిన పెద్దలుంటే పీఎఫ్ స్లిప్పు, మిల్లు గుర్తింపు కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం తీసుకుని యూనియన్ ఆఫీసుకు తీసుకురండి. కాగితం లేదని ఇంట్లో కూర్చోవద్దు. ఏ కాగితం ఎక్కడ దొరుకుతుందో కలిసి వెతుకుదాం.

ట్రస్టు మంచి పనికి మా భుజం ఇస్తాము. కార్మికుడికి రావలసిన బాకీ మాత్రం చివరి పైసా దాకా అడుగుతాము.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!