వెన్నెలకు భాష లేదు

చలనచిత్రము తీయగోరు విద్యార్థులు తొలుత కెమెరాను గూర్చియే అడుగుదురు. మేము శబ్దమును ముందు చెప్పదలచితిమి.

1957లో విడుదలయైన “మాయాబజార్” మద్రాసున తెలుగు, తమిళములు రెండింటను నిర్మింపబడినది. దర్శకులు కె.వి. రెడ్డిగారు. సావిత్రిగారు, రంగారావుగారు రెంటను నటించిరి. అభిమన్యుడుగా తెలుగున నాగేశ్వరరావుగారు, తమిళమున జెమినీ గణేశన్‌గారు. నౌకావిహారమున ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లేగారు కల్పించిన వెన్నెలకు మాత్రము తెలుగు, తమిళ భేదము లేదు. భేదమంతయు మాటలోనిదే.

తమిళనాట తెలుగున చదువుకొను మన పిల్లల కీ సంగతి ఎల్లరికంటె ముందు బోధపడవలెను. నేడు ఇంటింట సెల్‌ఫోను కలదు. పెండ్లిపందిళ్ళ దృశ్యములు కొల్లలు. అవ్వ చెప్పిన కథ స్పష్టముగా వినవచ్చు దృశ్య మెన్ని యిండ్లలో నున్నది?

విద్యార్థులారా, ముందు ఫ్యాను ఆపుడు. ఫోనును ఆమె చెంతకు జరుపుడు. ఆరుబయట దూరము రెట్టింపైనచో ధ్వనితీవ్రత నాలుగవవంతునకు పడిపోవును. పిదప ఎంత పెంచినను వీధిరొదయు వెంట పెరుగును. కిటికీ ఆమె వెనుక నున్నచో ముఖము నల్లబడును, ఎదుట నుండనిండు. వెలుగున కింతమాత్రము చాలును. తక్కిన మెరుగులు మెల్లగా నేర్వవచ్చును.

కూర్పున మాత్రము కత్తెరకు తొందర కూడదు. అవ్వ మాట నడుమ ఆగినచో ఆ విరామమును కోయకుడు. మరుగుపడిన పదమును ఆమె వెదకికొనుట అచ్చటనే. నడుమ తమిళపదము దొర్లినను ఉండనిండు, అదియు మన యింటి తెలుగే.

తల్లిదండ్రులకు మనవి: పరీక్షల పేర ఫోను లాగికొనక, ఒక్క ఆదివారము పిల్లలను అవ్వకడ కూర్చుండనిండు. తీసినదానికి తేదీ, ఊరు, చెప్పినవారి పేరు చేర్చి, మరియొకచోట కూడ భద్రపరుపుడు.