అతిథి వేధించినా బాధ్యత యాజమాన్యానిదే

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల హోటల్ యాజమాన్యాలకు, వాటి సంఘాలకు బహిరంగ లేఖ

హోటల్లో హౌస్‌కీపింగ్ చేసే మహిళ ఒంటరిగా గదుల్లోకి వెళ్లి పనిచేస్తుంది. ఒక్కోసారి బస చేసిన వ్యక్తి లోపల ఉండగానే దుప్పట్లు మార్చాలి, మంచినీళ్లు పెట్టాలి. ఆ వేళ కారిడార్‌లో మరో మనిషి ఉండకపోవచ్చు. రిసెప్షన్‌లోనూ, బార్‌లోనూ, విందుల్లో వడ్డించే చోటా చుట్టూ జనం ఉన్నా ధైర్యం చాలదు, ఎందుకంటే అతిథిని నొప్పించకూడదన్నదే ఉద్యోగంలో మొదటి పాఠం. చేయి పట్టుకున్నా నవ్వుతూ తప్పుకోవాలని కొత్తవాళ్లకు చెప్పడం నేర్పు కాదు, అన్యాయం.

వేధించినవాడు తమ ఉద్యోగి కాదు కాబట్టి తామేమీ చేయలేమన్న వాదన చట్టం ముందు నిలవదు. పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నివారణ చట్టం 2013లో వచ్చింది. అక్కడికి వచ్చిపోయే వారి నుంచి కూడా రక్షణ కల్పించడం యజమాని విధి అని దాని 19వ సెక్షన్ చెబుతోంది. వేధించినవాడు బయటివాడైనా, బాధితురాలు కోరితే అతనిపై క్రిమినల్ చర్యలు మొదలయ్యేలా చూడాల్సింది కూడా యజమానే. అసలు బయటివారి వేధింపు విషయంలో బాధితురాలికి అండగా నిలవాలని సుప్రీంకోర్టు 1997లో, విశాఖ కేసు తీర్పులోనే ఆదేశించింది.

ఏజెన్సీ ద్వారా వచ్చిన స్వీపర్, రోజుకూలీపై విందుల్లో వడ్డించే అమ్మాయి, జీతం లేకుండా శిక్షణకు వచ్చిన హోటల్ మేనేజ్‌మెంట్ విద్యార్థిని, వీళ్లంతా ఈ చట్టం దృష్టిలో ఉద్యోగులే. వీరిలో విద్యార్థినుల పరిస్థితి మరీ సున్నితం. సర్టిఫికెట్‌పై సంతకం పెట్టాల్సిన చెఫ్ మీదే ఫిర్యాదు చేయాల్సి వస్తే ఎంతమంది నోరు విప్పగలరు?

పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి హోటల్లో అంతర్గత కమిటీ ఉండాలి. దానికి సీనియర్ మహిళ అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో సగం మందైనా మహిళలు కావాలి, బయటి సంస్థ నుంచి ఒకరుండాలి. అంతకన్నా చిన్న టిఫిన్ సెంటర్లలో పనిచేసేవారు, యజమానే వేధించినప్పుడు ఎక్కడివారైనా, జిల్లా స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. ఫిర్యాదుకు మూడు నెలల గడువు, తగిన కారణముంటే మరో మూడు నెలలు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. కమిటీ వేయని యజమానికి 50,000 రూపాయల వరకు జరిమానా ఉంటుంది. తప్పు మళ్లీ చేస్తే శిక్ష రెట్టింపై, లైసెన్సు కూడా పోవచ్చు.

కమిటీ పేర్లు గోడకు అంటించినంత మాత్రాన గదిలో ఉన్న మనిషికి రక్షణ రాదు. ఒంటరిగా గదుల్లో పనిచేసే సిబ్బందికి హోటళ్లు పానిక్ బటన్ ఇవ్వాలని షికాగో నగరం 2017లోనే చట్టం చేసింది. ఇక్కడి యాజమాన్యాలు ఆ పని స్వచ్ఛందంగా చేయవచ్చు. రాత్రి షిఫ్టులో గదులకు ఇద్దరిద్దరిని పంపాలి. ఫిర్యాదు అందిన వెంటనే కారిడార్ సీసీటీవీ దృశ్యాలు చెరిగిపోకుండా భద్రపరచాలి. వేధించిన అతిథి ఎంత పెద్ద ఖాతాదారైనా అతని గదికి ఫిర్యాదు చేసిన మహిళను మళ్లీ పంపకూడదు, ఆ కారణంగా ఆమె జీతంలో కోత పెట్టకూడదు.