సీమ సినిమా విలేకరి చేత రాయించాలి

1997లో వచ్చిన ‘ప్రేమించుకుందాం రా’ తెలుగు సినిమాకు రాయలసీమ ఫ్యాక్షన్ దారి చూపింది. రెండేళ్లకు ‘సమరసింహారెడ్డి’ ఆ దారిని రహదారి చేసింది. 2002 ఒక్క ఏడాదిలోనే ‘ఆది’, ‘ఇంద్ర’, ‘చెన్నకేశవరెడ్డి’ వచ్చాయి. మరుసటి ఏడాది ‘ఒక్కడు’తో కర్నూలు కొండారెడ్డి బురుజు రాష్ట్రమంతటికీ తెలిసిపోయింది. వీటన్నిటికీ మాటలు రాసిన పరుచూరి సోదరులు కృష్ణా జిల్లా వారు. బయటివాళ్లు మన కథ రాయకూడదని నేను అనను. నా బాధల్లా ఆ కథల్లో కారణం లేకపోవడమే. సుమోలు లేస్తాయి, తొడలు చరుస్తారు, వంశాల పగ అంటారు. ఆ సుమోలకు డీజిల్ డబ్బు ఎవరిచ్చారన్న ప్రశ్న మాత్రం రాదు.

ఆ ప్రశ్నకు జవాబు కడప, కర్నూలు విలేకరులకు తెలుసు. రోడ్డు కాంట్రాక్టు ఎవరికి దక్కింది, సారా వేలం ఎవరు పాడారు, మంగంపేట ముగ్గురాయి లారీలు ఎవరివి, పోలింగు రోజున ఏ ఊళ్లో ఏజెంటును కూర్చోనివ్వలేదు అన్నవి వాళ్లకు కంఠతా వచ్చు. కోర్టు వాయిదాలకు తిరిగి తిరిగి ఉన్న నాలుగెకరాలూ అమ్ముకున్న అనుచరుణ్ని వాళ్లు చూశారు. చంపినవాడి ఇల్లూ, చచ్చినవాడి ఇల్లూ ఒకేలా చితికిపోవడం చూశారు. ఇదంతా జిల్లా పేజీలో రెండు కాలమ్‌ల వార్తగా వచ్చి ఆగిపోయింది, తెర దాకా రాలేదు.

రాజకీయ పత్రికా రచయిత సినిమా రాస్తే ఏమవుతుందో తాపీ ధర్మారావు ఎప్పుడో చూపించారు. 1887లో పుట్టిన ఆయన గిడుగు రామమూర్తి శిష్యుడు. ‘జనవాణి’ సంపాదకుడిగా వాడుక భాషను పత్రికలోకి తెచ్చారు. ఆ కలంతోనే 1938లో ‘మాలపిల్ల’కు మాటలు రాశారు. కథ చలంది, దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం కూడా పత్రిక నడిపినవారే. అంటరానితనం మీద సంపాదకీయంలో రాసే మాటను ఆ సినిమా చదువురాని ప్రేక్షకుడి చెవిన వేసింది. 1955లో కొడుకు తాపీ చాణక్య తీసిన ‘రోజులు మారాయి’కీ ఆయనే మాటలు రాశారు. రైతుకూ భూస్వామికీ మధ్య తగాదా ఎక్కడుందో తెలిసిన మనిషి రాసిన మాటలవి. ఇక జీవితమంతా పత్రికల్లో పనిచేసిన పతంజలి ‘సిందూరం’కు రాశారు. అదీ 1997లోనే! అడవినీ పోలీసునూ ఒక విలేకరి కంటితో చూపిన ఆ సినిమా పక్కన, అదే ఏడాది మొదలైన ఫ్యాక్షన్ వరుసను పెట్టి చూడండి.

సీమలో అలాంటి కలాలు లేకపోలేదు. కడప గడ్డ రాచమల్లు రామచంద్రారెడ్డి (రారా)ని, గజ్జెల మల్లారెడ్డిని ఇచ్చింది. రారా ‘సంవేదన’ పత్రికలో మాటకు మాట తూచి రాశారు. మల్లారెడ్డి వ్యంగ్యం నాయకులకు నిద్రపట్టనిచ్చేది కాదు. వీరి చేత ఒక స్క్రీన్‌ప్లే రాయించి ఉంటే సీమ బొమ్మ వేరుగా ఉండేదని నా గట్టి నమ్మకం. పులివెందుల ప్రాంతపు బి.ఎన్. రెడ్డి 1966లోనే ‘రంగులరాట్నం’లో ఎన్నికల రాజకీయాన్ని తెరకెక్కించారు. కానీ అది పట్నం కథ. సొంత గడ్డ రాజకీయం ఆయన కెమెరా ముందుకు రాలేదు.

ఇప్పటికైనా నిర్మాతలు కర్నూలు, కడప, ప్రొద్దుటూరు, ఆదోని విలేకరులను వెతుక్కుంటూ రావాలి. లొకేషన్లు చూపించమని కాదు, కథా చర్చల్లో కూర్చోమని పిలవాలి. పేరూ పారితోషికమూ ఇచ్చి రాయించుకోవాలి. రాయడానికి ఏముందంటారా? కర్నూలు జిల్లా కోసిగి నుంచి ఏటా పిల్లలతో సహా గుంటూరు మిరపచేలకు వలసపోయే కుటుంబాలున్నాయి, తలుపుకు తాళం పడగానే ఆ పిల్లల బడీ ఆగిపోతుంది. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో నీళ్ల విషయంలో సీమకు ఇచ్చిన మాట ఉంది. 1953 నుంచి మూడేళ్లు ఆంధ్ర రాష్ట్ర రాజధానిగా ఉండి, ఆ హోదా పోగొట్టుకున్న కర్నూలు ఉంది. 1981లో శ్రీశైలం నీళ్లు కమ్మి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో 100 దాకా ఊళ్లు మునిగాయి. ఇళ్లు ఖాళీ చేయించిన తీరును అప్పట్లో వార్తలుగా రాసినవారు కొందరు ఇంకా మన మధ్యే ఉన్నారు. ముందు వాళ్ల దగ్గరికి వెళ్లాలి.