నాలుగు నెలల సొమ్ము ఎక్కడ ఉంచాలి?

కొల్లేటి పరిసరాల్లోని ఊళ్లకు డబ్బు నెలనెలా రాదు, ఒక్కసారిగా వస్తుంది. గణపవరం, నిడమర్రు, ఉంగుటూరు ప్రాంతాల్లో చెరువు పట్టుబడి ముగిసిన వారంలో కొన్ని లక్షల రూపాయలు చేతికందుతాయి. మళ్లీ చేపపిల్లలు వదలడానికి, మేతకు, కౌలుకు ఆ సొమ్మే ఆధారం. కూతురి నికాహ్ కోసం దాచినదీ, హజ్ యాత్ర కోసం కూడబెట్టినదీ, గల్ఫ్ నుంచి కుమారుడు పంపినదీ ఇటువంటి సొమ్మే. మూడు నాలుగు నెలల్లో తప్పక ఖర్చు కావలసిన ఈ డబ్బును అంతవరకు ఎక్కడ భద్రపరచాలన్నది మన కుటుంబాల్లో తరచూ తలెత్తే ప్రశ్న. ఈ నెల దానినే పరిశీలిద్దాం.

లోకం చెప్పే జవాబులు మూడు: బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్, పోస్టాఫీసు డిపాజిట్, లిక్విడ్ ఫండ్. మొదటి రెండూ వడ్డీ అన్నది అందరికీ తెలిసినదే. మూడవది మ్యూచువల్ ఫండ్ పేరుతో వస్తుంది గనుక కొందరు దానిని భాగస్వామ్యమని భ్రమపడుతున్నారు. అయితే ఆ నిధి చేరేది ట్రెజరీ బిల్లులకు, బ్యాంకుల, కంపెనీల స్వల్పకాలిక రుణపత్రాలకు. పేరు మారినా అది అప్పుపై వచ్చే వడ్డీయే. విదేశాల్లో ఉన్నవారి ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్‌పై వడ్డీకి మన దేశంలో ఆదాయపు పన్ను లేదు. పన్ను లేనంత మాత్రాన అది హలాల్ కాజాలదు. సూరా అల్ బఖరాలోని 275 నుంచి 279 వరకు గల ఆయతులు వ్యాపారానికీ వడ్డీకీ మధ్య గీసిన గీత సుస్పష్టం.

మరి షరీఅత్ నియమాలను పాటించే ఫండ్లు ఉన్నాయి కదా అని అడుగుతారు. టాటా ఎథికల్ ఫండ్ వంటివి వడ్డీ, మద్యం మొదలైన వ్యాపారాలకు దూరంగా ఉండే కంపెనీల షేర్లలో పెట్టుబడి పెడతాయి. సంవత్సరాల తరబడి కదపనక్కరలేని సొమ్ముకు అవి తగినవి కావచ్చు. కానీ షేర్ల ధర నాలుగు నెలల్లో ఎటైనా పోవచ్చు. పిల్లలు వదలవలసిన నెలలోనే ధర పడిపోతే చెరువు ఖాళీగా ఉండిపోతుంది. బంగారం సంగతీ అంతే. కొన్నప్పుడు 3 శాతం జీఎస్టీ, నగలైతే మజూరీ, తరుగు. నాలుగు నెలలకే అమ్మితే ఆ నష్టం పూడడం కష్టం. లాభం వచ్చినా, 24 నెలల లోపు అమ్మితే అది మామూలు ఆదాయంలో కలిసి పన్నుకు గురవుతుంది.

ఇక్కడ ఒక నిజాన్ని నిర్భయంగా ఒప్పుకోవాలి. తక్కువ కాలపు సొమ్ముకు భద్రత, అక్కరకు అందుబాటు, హలాల్ రాబడి, ఈ మూడూ ఒకచోట దొరకడం అరుదు. మొదటి రెండూ కోరుకున్నవారు మూడవదాన్ని వదులుకోవాలి. 10 లక్షల రూపాయలను 6 శాతం వడ్డీకి నాలుగు నెలలుంచితే వచ్చేది 20 వేలు. ఒక మధ్యతరగతి ఇంటికి అది చిన్న మొత్తం కాదు. అయినా అల్లాహ్ కోసం దానిని వదులుకోవడమే మన మార్గం.

భద్రమైన చోట్లు

బ్యాంకు కరెంటు ఖాతాపై వడ్డీ ఉండదు. కనుక వ్యాపారం, సాగు చేసేవారికి అదే మొదటి చోటు. ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్క డిపాజిటరుకు 5 లక్షల రూపాయల వరకు డిపాజిట్ బీమా ఉంది. 2020 ఫిబ్రవరిలో ఈ పరిమితిని లక్ష నుంచి పెంచారు. ఒకే బ్యాంకు శాఖలన్నింటికీ కలిపి ఇదే పరిమితి. సొమ్ము అంతకు మించితే వేర్వేరు బ్యాంకుల్లో ఉంచడం వివేకం. పరపతి సంఘాలకు ఈ బీమా వర్తించదు.

పొదుపు ఖాతా తప్పనిసరి అయిన ఇళ్లలో, జమ అయిన వడ్డీని ప్రత్యేకంగా లెక్కగట్టి, పుణ్యాపేక్ష లేకుండా పేదలకు ఇచ్చివేయాలని ఉలమాలు చెబుతారు. దానిని జకాత్ కింద లెక్కించరాదు. ఇచ్చివేసినా చట్టం దృష్టిలో అది మన ఆదాయమే గనుక రిటర్నులో చూపించాలి. పాత పన్ను విధానంలో పొదుపు ఖాతా వడ్డీకి 10 వేల వరకు మినహాయింపు ఉంది, కొత్త విధానంలో లేదు.

పనిలో పెట్టే దారులు

అన్నింటికన్నా ముందు అప్పు తీర్చాలి. బయట వడ్డీకి తెచ్చిన బాకీ ఉండగా సొమ్మును ఖాతాలో నిలవ ఉంచడం ధర్మరీత్యానూ, లెక్క ప్రకారమూ తగదు.

రెండవది ముందస్తు కొనుగోలు. ఎలాగూ కొనవలసిన మేతను అరువుకు గాక రొక్కానికి కొంటే ధర తగ్గుతుంది. షరీఅత్‌లో ‘సలమ్’ అనే ఒప్పందం ఉంది. పూర్తి ధర ఇప్పుడే చెల్లించి, సరుకును తరువాత తీసుకోవడం దాని స్వరూపం. దైవప్రవక్త (స) మదీనా చేరిన నాటికే అక్కడి ప్రజలు పండ్లకు ఇలా ముందుగా సొమ్ము ఇచ్చేవారు. కొలత, తూకం, గడువు నిర్దిష్టంగా ఉండాలన్న షరతుతో ఆయన దానిని అనుమతించారు. మిల్లు యజమానితో తవుడుకు గాని, ఇంటికి కావలసిన ఏడాది బియ్యానికి గాని ఇటువంటి ఒప్పందం చేసుకోవచ్చు. రకం, బస్తాలు, తేదీ, అప్పగించే చోటు కాగితం మీద ఉండాలి. సరుకు చేతికి రాకముందే దానిని మరొకరికి అమ్మరాదు. ఫలానా పొలం పంటే కావాలని కట్టుబెట్టరాదు. అమ్మేవాడు నమ్మదగినవాడు కాకపోతే ఈ దారి పట్టనే వద్దు.

మూడవది ఖర్జె హసన. బంధువుకు, పొరుగువాడికి నిర్ణీత గడువుకు వడ్డీ లేని అప్పు ఇవ్వడం. దానిని వ్రాసుకోవాలన్నది ఖుర్ఆన్ ఆదేశం. 20 వేలు, అంతకు మించిన అప్పును నగదుగా పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టమూ నిషేధించింది, కనుక బ్యాంకు ద్వారానే ఇవ్వాలి.

‘హలాల్ లాభం’ అనే వల

పైన చెప్పిన 20 వేల మీది ఆశనే కొందరు వలగా వాడుకున్నారు. వడ్డీ వద్దన్న మన భయభక్తులనే పెట్టుబడిగా చేసుకున్నారు. బెంగళూరులోని ఐఎంఏ సంస్థ అధిపతి 2019 జూన్‌లో దేశం విడిచి పారిపోగా, ఎన్నో ముస్లిం కుటుంబాల సొమ్ము చిక్కుకుపోయింది. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన హీరా గోల్డ్ అధినేత డిపాజిటర్ల ఫిర్యాదులపై 2018 అక్టోబరులో అరెస్టయ్యారు. వీటిలో పెట్టినవారిలో నికాహ్ కోసం, హజ్ కోసం దాచుకున్నవారూ ఉన్నారు.

గుర్తు ఒక్కటే. నిజమైన ముదారబాలో లాభం ముందుగా తెలియదు, నష్టానికీ చోటు ఉంటుంది. నెలకింత ఖాయమని, అసలుకు ఢోకా లేదని ఎవరైనా అంటే, ఆ మాటతోనే అది హలాల్ వ్యాపారం కాదని తేలిపోయింది. మన దేశంలో ఇస్లామీయ బ్యాంకింగ్‌కు రిజర్వు బ్యాంకు అనుమతి లేదు. ఆ పేరు చెప్పి డిపాజిట్లు అడిగేవారు టోపీ పెట్టుకున్నా, మస్జిద్ ముందు నిలబడినా సొమ్ము ఇవ్వవద్దు.

పన్ను, జకాత్

చేపల, రొయ్యల సాగు ఆదాయాన్ని చట్టం వ్యవసాయ ఆదాయంగా పరిగణించదు. అది వ్యాపార ఆదాయం. అమ్మకాలు 2 కోట్ల లోపు ఉన్నవారు వాటిలో 8 శాతాన్ని లాభంగా చూపి పన్ను కట్టే వెసులుబాటు ఉంది. బ్యాంకు ద్వారా వచ్చిన సొమ్ముకైతే అది 6 శాతమే. పట్టుబడి సొమ్మును నేరుగా ఖాతాకు రప్పించుకోవడంలో భద్రతతో పాటు ఈ మేలూ ఉంది.

జకాత్ తేదీ నాటికి చేతిలోని నగదు, ఖాతాలోని నిలవ, తిరిగి వస్తుందన్న నమ్మకమున్న అప్పు, అన్నీ లెక్కలోకి వస్తాయి. 612.36 గ్రాముల వెండి విలువకు చేరితే నిసాబ్ పూర్తయినట్లే. అందులో 2.5 శాతం పేదల హక్కు. చెరువు కోసం దాచినదన్న కారణంతో అది మాఫీ కాదు. వివరాలను మీ మస్జిద్ ఆలిమ్‌నో, ముఫ్తీనో అడిగి తెలుసుకోండి.

మన సొమ్మును హరామ్ నుంచీ, మన కష్టాన్ని మోసగాళ్ల నుంచీ అల్లాహ్ కాపాడుగాక! ఆమీన్.