లండన్‌లో ముసురు పడితే అమరావతి చూడండి

కొడుకు దగ్గరకో, కూతురు దగ్గరకో విదేశం వెళ్ళివచ్చే తల్లిదండ్రులు మన గుంటూరు సీమ పల్లెల్లో ఇప్పుడు అరుదు కాదు. లండన్ వెళ్ళివచ్చినవారిని కదిపితే మాత్రం తరచు ఒకటే మాట: "ఏం చూస్తామండీ, ఎప్పుడూ ముసురే. కిటికీ దగ్గర కూర్చుని వచ్చాం." అంత ఖర్చు పెట్టి విమానం ఎక్కినవారు వానను చూసి తిరిగిరావడం విచారకరం. తొలకరికి ఎదురుచూసే రైతు పరాయి దేశపు తుంపరకు జడిసి ఇంట్లో ముడుచుకోవడమేమిటి?

అసలు లండన్ వాన ఎంత? ఏడాది మొత్తానికి సుమారు 600 మిల్లీమీటర్లు. మన గుంటూరులో పడేది అంతకంటె ఎక్కువే. మనకు నాలుగైదు నెలల్లో కుమ్మరించి పోతుంది, అక్కడ పన్నెండు నెలలకూ పంచుకుని కొద్ది కొద్దిగా పడుతుంది. కనుక వెలిసేదాకా ఆగుదామనుకుంటే సెలవులు అయిపోతాయి. ముసురు పట్టి పొలం పని ఆగితే మన పెద్దలు చూరు కింద కూర్చుని తాళ్ళు పేనుకునేవారు. బయటి పని ఆగిననాడు లోపలి పని చూసుకోవాలన్న ఆ సూత్రమే ప్రయాణంలోనూ పనికివస్తుంది. పార్కులు, నది ఒడ్డులు ఎండ కాసిన రోజుకు ఉంచుకుని, ముసురు రోజును మ్యూజియానికి కేటాయించాలి.

లండన్‌లో మనవారు మొదట చూడవలసింది బ్రిటిష్ మ్యూజియం. ప్రవేశ రుసుము లేదు. అందులో 33-ఎ నంబరు గదిలో ఉన్నవి మన అమరావతి శిల్పాలు. కృష్ణ ఒడ్డున మహాస్తూపానికి చుట్టూ నిలిచిన పలనాటి సున్నపురాళ్ళు అవి. నూట ఇరవైకి పైగా శిల్పాలు ఆ మ్యూజియం అధీనంలో ఉన్నాయి.

అవి అక్కడికి ఎలా చేరాయో మనం తెలుసుకోవాలి. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతి పట్టణం కట్టించే రోజుల్లో ఆ దిబ్బ ఇటుకలకూ రాళ్ళకూ గనిగా మారింది. కొన్ని రాళ్ళు గోడల్లో కలిశాయి, కొన్ని సున్నపు బట్టీల్లో కాలాయి. కర్నల్ మెకంజీ మనుషులు 1816 తర్వాత మిగిలినవాటికి బొమ్మలు గీశారు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి శిల్పాలను మద్రాసుకు తరలించాడు. వాటిలో పెద్ద భాగం 1859లో ఓడ మీద లండన్ చేరింది. అక్కడ కొన్నింటిని ఆరుబయట గోడకు అమర్చగా ఆ వానకు, ఆ చలికి దెబ్బతిన్నాయి. చివరకు 1880లో బ్రిటిష్ మ్యూజియంలో చేరాయి. అంటే మనవాళ్ళు తప్పించుకునే లండన్ ముసురులో మన రాళ్ళు ఎప్పుడో తడిశాయి.

ఆ గదిలో ఒక పలకను తప్పక నిదానంగా చూడాలి. దాని ఒక ముఖాన బోధివృక్షానికి మొక్కుతున్న భక్తులున్నారు. కొన్ని శతాబ్దాల తరువాత అదే రాయిని తిప్పి, రెండో ముఖాన మహాస్తూపాన్నే చెక్కారు. ఈనాడు అమరావతిలో దిబ్బగా మిగిలిన స్తూపం నిండుగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో ఆ పలక చెబుతుంది. ఇంత కట్టడానికి సొమ్ము ఒక్క రాజులదే కాదు. గృహస్థులు, వర్తకులు, భిక్షుణులు, చర్మకారుడు కూడా ఇచ్చినట్లు అమరావతి శాసనాల్లో ఉంది. మన వంటి మామూలు జనం కట్టుకున్నదన్నమాట.

ఈ రాళ్ళను తిరిగి తెప్పించాలని సభల్లో మాట్లాడేవారున్నారు. ఆ కోరిక న్యాయమైనదే. కాని లండన్‌లో నెలల తరబడి ఉండి కూడా ఆ గది గడప తొక్కనివారు, బస్సులో గంటన్నర దూరంలో ఉన్న అమరావతి మ్యూజియంలోకి ఒక్కసారైనా తొంగిచూడనివారు అడిగితే ఆ మాటకు బలమెక్కడిది? చూసినవాడి మాటకే విలువ. వస్తువు విలువ ఎరగక సున్నం కాల్చుకున్న చరిత్ర మనకూ ఉందని మరువరాదు.

వెళ్ళేవారికి నాలుగు మాటలు. గాలికి గొడుగు తిరగబడుతుంది, టోపీ ఉన్న వానకోటు మేలు. హవాయి చెప్పులు వద్దు, జారని బూట్లు వేసుకోండి. లండన్ బస్సుల్లో 2014 నుంచి నగదు తీసుకోరు, కార్డు దగ్గరుంచుకోండి. వాన రోజున మ్యూజియానికి జనం ఎక్కువ, కనుక ఉచిత టిక్కెట్టు ముందే పిల్లల చేత నమోదు చేయించండి. ఆ గది తెరచి ఉందో లేదో కూడా కనుక్కోమనండి. ఉదయం 10 గంటలకే చేరుకుంటే తీరికగా చూడవచ్చు. మనుమలను వెంట తీసుకువెళ్ళండి. అక్కడ పుట్టిన పిల్లలకు తాతగారి ఊరు ఏపాటిదో చెప్పడానికి అంతకన్న మంచి చోటు దొరకదు.

అయితే పాస్‌పోర్టు చేతికి వచ్చిన వారంలోనే ముందు అమరావతి వెళ్ళిరండి. ఇక్కడ స్తూపం నిలిచిన చోటు చూసినవారికే అక్కడి రాయి తన కథ చెబుతుంది.