కప్పులు తెచ్చిన కంగారూలు... వంద కొట్టిన మనోడు!

కీసర అనగానే చాలామందికి హైదరాబాదు పక్కనున్న కీసరగుట్టే గుర్తొస్తుంది. ఇది ఆ కీసర కాదు. నందిగామ దాటి విజయవాడ వెళ్తుంటే హైవే మీద టోల్‌గేటు, మునేరు వంతెన కనిపించే కీసర. ఇలాంటి ఊళ్లలోనూ ఐపీఎల్ వచ్చిందంటే పిల్లలు హైదరాబాదు జట్టు వైపే. చిత్రమేమిటంటే, హైదరాబాదుకి వచ్చిన రెండు ఐపీఎల్ కప్పులూ ఆస్ట్రేలియా కెప్టెన్లు తెచ్చినవే!

మొదటివాడు ఆడం గిల్‌క్రిస్ట్. 2008లో డెక్కన్ చార్జర్స్ పట్టికలో అట్టడుగున నిలిచింది. 2009లో గిల్‌క్రిస్ట్ నడిపిస్తే అదే జట్టు చాంపియన్ అయింది. దక్షిణాఫ్రికాలో జరిగిన ఆ టోర్నీ సెమీఫైనల్లో ఢిల్లీ మీద 35 బంతుల్లోనే 85 పరుగులు బాదాడతను. ఫైనల్లో సున్నాకే ఔటైనా, బెంగళూరును 6 పరుగుల తేడాతో ఓడించి కప్పు అందుకున్నాడు.

రెండోవాడు డేవిడ్ వార్నర్. 2016లో సన్‌రైజర్స్ సారథిగా ఏకంగా 848 పరుగులు చేశాడు. ఫైనల్లో 69 కొట్టాడు. ఈసారీ ఓడింది బెంగళూరే, తేడా 8 పరుగులు! 2018లో బంతి ట్యాంపరింగ్ గొడవలో ఏడాది నిషేధం పడింది. తిరిగొచ్చి 2019లో 692 పరుగులతో ఆ సీజన్‌లో అందరికంటే ముందు నిలిచాడు. 2020 లాక్‌డౌన్‌లో భార్యతో కలిసి ‘బుట్టబొమ్మ’కు స్టెప్పులేసి ఇంటింటికీ చుట్టమైపోయాడు. 2021 సీజన్ మధ్యలో కెప్టెన్సీ పోయింది, తుది జట్టులో చోటూ పోయింది. అభిమానులు మాత్రం అతణ్ని వదల్లేదు. 2025లో ‘రాబిన్‌హుడ్’ సినిమాలో చిన్న పాత్రలో కనిపిస్తే థియేటర్లో ఈలలు వేశారు.

మూడోవాడు ప్యాట్ కమిన్స్. ఇతగాడిది మరో కథ. 2023 నవంబరు 19న అహ్మదాబాద్‌లో మన చేతికందిన ప్రపంచకప్పును లాక్కుపోయింది కమిన్స్ సేనే. ఆ రోజు 137 పరుగులు చేసి మనల్ని ఏడిపించినవాడు ట్రావిస్ హెడ్. సరిగ్గా నెలకు జరిగిన వేలంలో సన్‌రైజర్స్ ఇద్దర్నీ కొనేసింది. కమిన్స్‌కైతే 20.50 కోట్లు! 2024 ఏప్రిల్‌లో హెడ్ సెంచరీ, బెంగళూరు మీద జట్టు స్కోరు 287... నవంబరులో తిట్టుకున్నవాళ్లే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ ఏడాది ఫైనల్లో కోల్‌కతా చేతిలో ఓడినా ఆ చప్పట్లు ఆగలేదు.

అంతా బాగానే ఉంది, మరి మన కుర్రాళ్ల మాటేమిటి? ఆ ప్రశ్నకు 2024 సీజనే జవాబిచ్చింది. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని సన్‌రైజర్స్ అంతకుముందు సీజన్ కోసం కొన్నది 20 లక్షలకే. కొడుకు ఆట కోసం తండ్రి ముత్యాల రెడ్డి ఉద్యోగమే వదులుకున్నారు. కమిన్స్ సారథ్యంలో ఆ సీజన్లో 303 పరుగులు చేసిన నితీశ్, ఉత్తమ వర్ధమాన ఆటగాడిగా అవార్డు అందుకున్నాడు. ఆ ఏడాది చివర్లో భారత టెస్టు జట్టుతో ఆస్ట్రేలియా వెళ్లాడు. అక్కడ ప్రత్యర్థి కెప్టెన్ ఎవరనుకున్నారు... కమిన్సే!

2024 డిసెంబరు 28, మెల్‌బోర్న్. 221 పరుగులకే 7 వికెట్లు పోయిన స్థితి. వాషింగ్టన్ సుందర్‌తో కలిసి నితీశ్ 127 పరుగులు జోడించాడు. తీరా 99 దగ్గరుండగా తొమ్మిదో వికెట్ పడింది. బంతి కమిన్స్ చేతిలో ఉంది. ఎదురుగా ఉన్నది హైదరాబాదీ సిరాజ్. మూడు బంతులు... మూడూ కాచుకున్నాడు! మరుసటి ఓవర్లో నితీశ్ ఫోర్ కొట్టి వంద దాటేశాడు. గ్యాలరీలో తండ్రి కన్నీళ్లు ఆపుకోలేకపోయారు.

ఆ టెస్టు మనం 184 పరుగుల తేడాతో ఓడాం. అయితేనేం, మన జట్టును నడిపించిన కెప్టెన్ మీద, అతని దేశంలోనే, మనవాడు వంద కొట్టాడు. పరాయివాణ్ని మనవాడిగా చేసుకున్న జట్టులోంచే ఆ కుర్రాడూ వచ్చాడు. రేపు కమిన్స్‌కి చప్పట్లు కొట్టాలా, నితీశ్‌కి కొట్టాలా అని పిల్లలు అడిగితే, ఇద్దరికీ కొట్టమనండి!