‘మీకు యాక్సిడెంట్ అయిందట కదా?’.. ఆ మెసేజ్ వెనక ఎవరున్నారు?

మాస్టర్స్ కోసం యూకే వెళ్లారనుకోండి. కొత్త సిమ్ వేసుకుని నెల కూడా కాకముందే ఫోన్‌కి ఇలాంటి మెసేజ్ రావచ్చు: ‘మీకు జరిగిన ప్రమాదానికి మూడు వేల పౌండ్లకు పైగా పరిహారం రావాల్సి ఉంది. కావాలంటే క్లెయిమ్ అని, వద్దంటే స్టాప్ అని రిప్లై ఇవ్వండి’. మీకు కారే లేదు. ప్రమాదం మాట అటుంచితే, ఆ ఊళ్లో ఇంకా బస్సు రూట్లే సరిగ్గా తెలియవు. మరి వాళ్లకు ఎవరు చెప్పారు?

చాలాసార్లు ఎవరూ చెప్పరు. గుడ్డిగా లక్షల నంబర్లకు పంపుతారు. వాటిలో కొందరికైనా ఈమధ్య ప్రమాదం జరిగి ఉంటుంది కదా, వాళ్లు స్పందిస్తారని లెక్క. 2012 నవంబరులో అక్కడి సమాచార కమిషనర్ కార్యాలయం (ఐసీఓ) టెట్రస్ టెలికామ్స్ అనే సంస్థ యజమానులిద్దరికి కలిపి 4,40,000 పౌండ్ల జరిమానా వేసింది. వాళ్లు చేసింది ఇదే. ఎవరి పేరూ నమోదు కాని ప్రీపెయిడ్ సిమ్‌లు గుట్టలుగా పెట్టుకుని రోజూ లక్షల్లో మెసేజ్‌లు పంపారు. జవాబిచ్చిన వారి నంబర్లను పరిహారం కేసులు చూసే కంపెనీలకు అమ్ముకున్నారు. ఇక్కడ మీరు గమనించాల్సింది ఒకటుంది. ‘స్టాప్’ అని పంపినా, ఈ నంబర్ వాడకంలో ఉంది, మెసేజ్ చదివే మనిషి ఉన్నాడు అని మీరే చెప్పినట్లు. తెలిసిన బ్రాండ్ అయితే స్టాప్ పనిచేస్తుంది. ఊరూపేరూ లేని నంబర్‌కు అసలు రిప్లై ఇవ్వొద్దు. ఆ మెసేజ్‌ను 7726కి ఫార్వర్డ్ చేయండి, పైసా ఖర్చుండదు. కీప్యాడ్‌లో ఆ అంకెల మీద అక్షరాలు చూస్తే ‘స్పామ్’ అని వస్తుంది, గుర్తుపెట్టుకోవడం సులువు.

ఆ జరిమానా కథ అక్కడితో అయిపోలేదు. ఇద్దరిలో ఒకరు అప్పీలుకు వెళ్తే, ఆయన మీద వేసిన 3 లక్షల పౌండ్లను 2013లో ట్రిబ్యునల్ కొట్టేసింది. ఒక్క మెసేజ్ వల్ల మనిషికి చిరాకు కలుగుతుందే తప్ప, అప్పటి చట్టం అడిగినంత ‘తీవ్రమైన నష్టం లేదా మనోవేదన’ కలగదని తేల్చింది. చివరికి 2015 ఏప్రిల్‌లో ఆ షరతునే చట్టం నుంచి తీసేయాల్సి వచ్చింది. 2018 సెప్టెంబరు నుంచి, ముందస్తు సమ్మతి లేకుండా పరిహారం క్లెయిమ్‌ల కోసం ఫోన్ చేయడమే నిషేధం. కంపెనీని మూసేసి కొత్త పేరుతో దుకాణం తెరిచేవాళ్ల కోసం, అదే ఏడాది డిసెంబరు నుంచి డైరెక్టర్లకు వ్యక్తిగతంగా జరిమానా వేసే వీలూ కల్పించారు. ఇన్ని చేసినా కాల్స్ ఆగలేదంటే ఇందులో డబ్బు ఎంతుందో ఆలోచించండి.

డబ్బు ఎక్కడిదంటే, తప్పు చేసిన డ్రైవర్ బీమా కంపెనీ నుంచి. వెనక నుంచి మరో బండి గుద్దితే మెడ పట్టేస్తుంది, దీన్ని అక్కడ విప్‌లాష్ అంటారు. ఎక్స్‌రేలో కనిపించే దెబ్బ కాదు కాబట్టి ఉందో లేదో తేల్చడం కష్టం. అందుకే దీని చుట్టూ పెద్ద వ్యాపారమే నడిచింది. కేసు తెచ్చిచ్చిన వారికి లాయర్లు కమీషన్ ఇవ్వడాన్ని ఇంగ్లండ్, వేల్స్‌లో 2013లో నిషేధించారు. 2021 మే 31 నుంచి విప్‌లాష్‌కు ప్రభుత్వమే రేట్లు ఖరారు చేసింది. మూడు నెలల్లోపు తగ్గిపోయే నొప్పికి అప్పట్లో 240 పౌండ్లు, 2025 మే 31 తర్వాత జరిగిన ప్రమాదాలకు 275. మెసేజ్‌లో ఊరించే మూడు వేలెక్కడ, ఇదెక్కడ! పైగా ‘గెలిస్తేనే ఫీజు’ అనే లాయర్ పరిహారంలో 25 శాతం వరకు తీసుకోవచ్చు.

ఇక రూమ్‌లో ఎవరో ఒకరు అంటారు: ‘మెడ నొప్పి అని చెప్పు బ్రో, ఎవరికి తెలుస్తుంది?’ పార్ట్‌టైమ్ జీతంతో అద్దె కడుతున్నప్పుడు ఆ మాట బాగానే వినిపిస్తుంది. కానీ క్లెయిమ్‌లో మౌలికంగా అబద్ధం చెప్పారని తేలితే, నిజంగా తగిలిన దెబ్బ తాలూకు భాగాన్నీ కలిపి మొత్తం కేసును కొట్టేయమని 2015 నాటి చట్టం కోర్టుకు చెబుతోంది. అవతలి వాళ్ల ఖర్చులు మీ నెత్తిన పడొచ్చు, మోసం కేసూ పెట్టొచ్చు. వీసా మీద ఉన్నవాళ్లకు క్రిమినల్ రికార్డు అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

నిజంగానే ప్రమాదం జరిగితే మాత్రం సిగ్గుపడకండి, అది మీ హక్కు. ఇంగ్లండ్, వేల్స్‌లో కారులో డ్రైవర్‌గానో ప్రయాణికుడిగానో ఉండగా మీ తప్పు లేకుండా చిన్న దెబ్బలు తగిలితే, ‘అఫీషియల్ ఇంజురీ క్లెయిమ్’ పోర్టల్‌లో లాయర్ లేకుండా మీరే ఉచితంగా క్లెయిమ్ వేసుకోవచ్చు. సాధారణంగా మూడేళ్ల గడువుంటుంది కాబట్టి ‘ఇవాళే ఆఖరు’ అనే కాల్‌కు కంగారుపడనక్కర్లేదు. ఇలాంటి కాల్స్ తగ్గాలంటే టెలిఫోన్ ప్రిఫరెన్స్ సర్వీస్‌లో నంబర్ నమోదు చేసుకోండి, అదీ ఉచితమే. పూర్తిగా అమల్లోకి రావడానికి 28 రోజులు పడుతుంది.

మీ వయసు వాళ్లే అమ్ముతున్నారు

గుడ్డిగా వచ్చే మెసేజ్ ఒక రకం. నిజంగా ప్రమాదం జరిగిన వారానికే పేరు పెట్టి పిలిచి, కారు మోడల్ కూడా చెప్పే కాల్ ఇంకో రకం. ఉద్యోగాల వేటలో ఉన్న మీరు ఎక్కువ ఆలోచించాల్సింది ఈ రెండోదాని గురించే. ఆ వివరాలు గాల్లోంచి ఊడిపడవు, ఎవరో ఉద్యోగి స్క్రీన్ మీద నుంచి బయటికెళ్తాయి. బ్రిటన్‌లో కార్ల రిపేర్ సంస్థలో పనిచేసిన ఒకతను, సహోద్యోగుల లాగిన్‌లతో వేలాది కస్టమర్ల రికార్డులు తెరిచాడు. ఉద్యోగం మారాక కూడా ఆపలేదు. ‘మాకు తెగ కాల్స్ వస్తున్నాయి’ అని కస్టమర్లు ఫిర్యాదు చేయడంతో బండారం బయటపడింది. 2018 నవంబరులో అతనికి ఆరు నెలల జైలు పడింది. ఐసీఓ కంప్యూటర్ దుర్వినియోగ చట్టం కింద పెట్టించిన మొదటి కేసు అదే. 2021 జనవరిలో మరో కేసు. వాహన సేవల సంస్థ ఉద్యోగిని ప్రమాదాల జాబితాలు తయారుచేసి ఒక క్లెయిమ్ సంస్థ డైరెక్టర్‌కు అమ్మింది. ఇద్దరికీ ఎనిమిది నెలల చొప్పున సస్పెండెడ్ జైలుశిక్ష పడింది. వీళ్లు హ్యాకర్లేం కాదు. లాగిన్, పాస్‌వర్డ్ ఇచ్చి కూర్చోబెట్టిన మామూలు ఉద్యోగులు.

మన దగ్గరా ఇది జోక్ కాదు. పనిలో భాగంగా చేతికొచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని లాభం కోసం, ఒప్పందానికి విరుద్ధంగా బయటపెడితే ఐటీ చట్టం 72ఏ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు పడొచ్చు. ‘టీమ్ లీడ్ చెప్పాడు సార్’ అన్నది కోర్టులో నిలిచే జవాబు కాదు.

కాబట్టి హైదరాబాద్‌లో ‘యూకే ప్రాసెస్, నైట్ షిఫ్ట్, ఇన్సెంటివ్స్ అన్‌లిమిటెడ్’ అన్న ప్రకటన చూసి ఇంటర్వ్యూకి వెళ్తే, చివర్లో ‘ఎనీ క్వశ్చన్స్?’ అన్నప్పుడు మౌనంగా ఉండకండి. ఈ నంబర్లు ఎక్కడి నుంచి వస్తాయి? వాళ్లు కాల్‌కి ఒప్పుకున్నట్లు రికార్డు ఉందా? ఇవి అడగండి. మంచి సంస్థలకు ఈ ప్రశ్నలు కొత్త కాదు, జవాబు తడుముకోకుండా వస్తుంది. ‘అవన్నీ నీకెందుకు, స్క్రిప్ట్ చదివితే చాలు’ అన్నారంటే విషయం అర్థమైనట్టే. ఫోన్ ఏ దేశం నుంచి వెళ్లినా, చేయించిన బ్రిటన్ సంస్థ కూడా అక్కడి చట్టానికి జవాబు చెప్పాలి. ఆ సంస్థ మీద దాడి జరిగితే ఇక్కడ మీ సీటూ ఖాళీ అవుతుంది, ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇచ్చేవాళ్లూ ఉండరు.

ఇంకొక్కటి. 2019 ఏప్రిల్ నుంచి ఈ క్లెయిమ్ కంపెనీలపై నియంత్రణ అక్కడి ఆర్థిక నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ చేతిలో ఉంది. దాని రిజిస్టర్‌ను ఆన్‌లైన్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఏ క్లయింట్ పేరుతో కాల్స్ చేయాలో హెచ్‌ఆర్‌ని అడిగి, ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టే ముందు ఆ పేరు అందులో ఉందో లేదో వెతకండి.